పార్టీని భోజనానికి పిలిచే ముందు రోజు

ఒడిశాలోని బరంపురంలో, వ్యాపారం మాట్లాడటానికి వచ్చిన పార్టీని మధ్యాహ్నం భోజనానికి తీసుకెళ్తే, బేరం సంగతి అటుంచి "ఇంకా రాలేదేంటి బాబూ" అని సర్వర్‌ని పిలవడంతోనే సరిపోయేది నాకు. ఇప్పుడు ఇలా చేస్తున్నాను.

ముందు రోజు ఒంటిగంటకి ఒక్కణ్ణే ఆ హోటల్‌కి వెళ్లి ఒక మీల్స్ చెప్తాను. 15 నిమిషాల్లో వస్తే సరే, 20 దాటితే వేరే చోటు. కూర్చున్న చోటి నుంచే ఇంటికి ఫోన్ చేసి మామూలు గొంతుతో మాట్లాడతాను. అవతల "ఏంటీ?" అని రెండుసార్లు అడిగారంటే అక్కడ రేట్లు మాట్లాడలేం. చేతులు కడిగే చోటుకి, వంటగది తలుపుకి దూరంగా గోడవారన టేబుల్ చూసి, కౌంటర్లో పేరు రాయిస్తాను.

వచ్చేది ఒడియా వాళ్లయితే ఏ వారమో చూసుకోండి. సోమ, గురువారాలు నీచు తినని వాళ్లు చాలామంది. మార్గశిర గురువారాల్లో కొందరు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. వాళ్ల మార్గశిరం కార్తిక పున్నమి మర్నాడే మొదలవుతుంది, మనకంటే పక్షం ముందు. ఆ లెక్క తెలియక ఒకసారి పిలిచాను. పాపం, పెద్దాయన పెరుగన్నంతో లేచారు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి లేని దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) విడిగా చేస్తారా అని ముందురోజే కనుక్కోండి.

పెళ్లిళ్ల రోజుల్లో మాత్రం ఇది పనిచేయదు. పైన హాల్లో ఫంక్షన్ ఉంటే వంటవాళ్లంతా అక్కడే. ఆ రోజు ఉదయం 10కి ఫోన్ చేసి, ఉందంటే చోటు మార్చేయండి.