కుక్కతో షాపుకి బయల్దేరే ముందు

ముందు ఫోన్ చేసి, "మా కుక్కను తీసుకురావచ్చా?" అని అడగండి. పోయినసారి రానిచ్చారు కదా అని వెళ్లిపోవద్దు. మాకు ఒకసారి గుమ్మం దగ్గరే సెక్యూరిటీ అన్నతో పెద్ద వాదనైంది. తప్పు నాదే.

రేబిస్ టీకా ఏటా వేయించాలి. ఆ కార్డు, హైదరాబాద్‌లో అయితే జీహెచ్‌ఎంసీ లైసెన్సు కూడా, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

ఇంటి దగ్గరే ఒంటికి, రెంటికి తిప్పండి. అయినా కవర్లు, టిష్యూలు సంచిలో ఉండాల్సిందే.

లాగేకొద్దీ పొడవయ్యే సాగే పట్టీతో కుక్కను తీసుకెళ్లొద్దు. బిల్లింగ్ దగ్గర మీరు పర్సు తీసే లోపు కుక్క పక్కావిడ సంచిలో మూతి పెట్టేస్తుంది. నాలుగైదు అడుగుల మామూలు తాడు చాలు, అదీ చేతికి ఒక చుట్టు చుట్టి పట్టుకోండి.

ఎస్కలేటర్ ఎక్కించొద్దు, గోళ్లు ఇరుక్కుంటాయి. లిఫ్టులో ఎవరైనా ఉంటే అడిగి ఎక్కండి. "ఏం చేయదండీ" అంటే భయపడేవాళ్ల భయం పోదు.

ఎండాకాలం రోడ్డు మీద చేతి వెనక భాగం ఆనించి చూడండి. ఐదు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను ఇంట్లోనే వదిలి వెళ్లండి. కారులో మాత్రం వదలొద్దు, అద్దం కొంచెం దించినా సరే.