స్నేహితుణ్ని పోగొట్టుకున్న కథను పిల్లలకు చదివి వినిపించే ముందు

పోయిన వారం మా పక్క ఊరి కాలువలో ఈతకు దిగిన ముగ్గురు పిల్లల్లో ఇద్దరే ఇల్లు చేరారు. ఆ ఇద్దరూ చీకటి పడేదాకా నోరు విప్పలేదని తెలిసినప్పటి నుంచి, సెలవుల లోపు పిల్లలకు ఏదైనా కథ వినిపించమని తల్లిదండ్రులు మా గ్రంథాలయానికి వచ్చి అడుగుతున్నారు. నేను ఏటా చదివే నవల మారియన్ డేన్ బావర్ 1986లో రాసిన ‘ఆన్ మై ఆనర్’. దానికి 1987లో అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ ఆనర్ గౌరవం దక్కింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జోయెల్, టోనీ అనే ఇద్దరు మిత్రులు సైకిళ్లపై స్టార్వ్‌డ్ రాక్ పార్కుకు బయలుదేరి, దారిలో వెర్మిలియన్ నదిలోకి దిగుతారు. ఇసుక మేట దాకా ఈదుదామని పందెం కాసినవాడు జోయెల్. మునిగిపోయినవాడు టోనీ. తండ్రికి ఒట్టు వేసి వెళ్లిన జోయెల్ ఇంటికి వచ్చి అబద్ధం చెబుతాడు.

చదివే ముందు: వినే పిల్లల్లో ఈమధ్య ఎవరినైనా పోగొట్టుకున్నవారు ఉన్నారేమో ఇంటివాళ్లను అడిగి తెలుసుకోండి. ముందు మీరొక్కరే చివరిదాకా చదవండి.

చదివిన తర్వాత: అందరూ చేసే పొరపాటు ఇక్కడే ఉంది. పుస్తకం మూసి, “చూశారా, పెద్దల మాట వినకపోతే ఏమవుతుందో” అంటారు. కొన్నేళ్ల కిందట నేనూ అన్నాను. ముందు వరుసలో ఒక పిల్లవాడు అప్పటికే సగం ఎత్తిన చేతిని మెల్లగా దించి, తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. తన నేస్తం చెరువులో పడినప్పుడు గట్టు మీద తానూ ఉన్నానని వాడు చెప్పడానికి మరో ఏడాది పట్టింది. జోయెల్ దాచింది కూడా ఇలాంటి భయంతోనే. కథను బెదిరింపుగా మార్చితే పిల్లలు నీటికి దూరమవుతారన్న నమ్మకం లేదు గాని, నిజం చెప్పడానికి మాత్రం తప్పకుండా దూరమవుతారు.

“నీ తప్పేమీ లేదు” అని తొందరపడి అనకండి. పందెం కాసిన సంగతి జోయెల్‌కు తెలుసు. కాదని తోసేస్తే, తన మాట పూర్తిగా వినేవారు లేరనే అతనికి అర్థమవుతుంది. నవలలో తండ్రి ఆ భారాన్ని చెరిపివేయకుండా, అనుమతి ఇచ్చిన తన నిర్ణయాన్ని కూడా దాని పక్కన పెడతాడు. ‘బ్రిడ్జ్ టు టెరబిథియా’ అనే మరో పిల్లల నవలలో, స్నేహితురాలిని పోగొట్టుకున్న జెస్ బాధ వేరు: అతడు ఏ ప్రమాదానికీ కారణం కాదు, ఆ రోజు స్నేహితురాలిని తనతో తీసుకువెళ్లలేదు, అంతే. రెండింటికీ ఒకే ఓదార్పు సరిపోదు.

నీతి చెప్పవద్దు.

ఎంత స్నానం చేసినా ఒంటికి నది వాసన పోలేదని జోయెల్ అనుకునే చోట ఆగండి. వివరించవద్దు.

ఏడవవద్దని అనవద్దు. ఏడవని పిల్లవాణ్ని రాతి గుండె అనవద్దు.

“నువ్వైతే ఏం చేసేవాడివి?” అని పదిమందిలో ఒక్కణ్ని నిలబెట్టి అడగవద్దు.

ఎవరైనా ఏదైనా చెప్పబోతే గంట కొట్టినా కదలవద్దు. విన్న మాటను ఆ రోజే వీధిలో పంచవద్దు.

మళ్లీ చెబుతున్నాను, చివరి పేజీ తర్వాత “చూశారా” అనే మాట మీ నోట రాకూడదు.

విన్న పిల్లవాడు ఆ రాత్రి పక్కన ఉండమని అడిగితే, జోయెల్ తండ్రి ఉన్నట్టే, నిద్రపట్టేదాకా ఉండండి.