శుద్ధ విద్యుత్తు, ఇళ్ల తాపనంపై ముసాయిదా నియమాలు: చదవడం, అభ్యంతరాలు రాయడం ఎలా

బొగ్గు, చమురు, గ్యాసు మీద నడిచే విద్యుత్తును, ఇళ్లను వెచ్చబరిచే తాపన వ్యవస్థలను శుద్ధ ఇంధనాల వైపు మళ్లించడానికి ప్రభుత్వం గానీ నియంత్రణ మండలి గానీ కొత్త నియమాలు తేవాలనుకున్నప్పుడు, చాలా దేశాల్లో ముందుగా ముసాయిదా ప్రచురించి, గడువు పెట్టి, ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు కోరుతారు. పంపిణీ సంస్థలకు, పరికరాల తయారీదారులకు ముసాయిదా చదివి అభ్యంతరాలు రాసిపెట్టే న్యాయవాదులు ఉంటారు. బిల్లు కట్టే సామాన్యులకు ఉండరు. అందువల్ల వారి తరఫు మాట వినపడాలంటే ఎవరో ఒకరు ఓపికగా కూర్చొని ముసాయిదాను చదవాలి. విషయ నిపుణులు కాకపోయినా ఆ పని చక్కగా చేయవచ్చు.

పీఠికలోని లక్ష్యాలతో చదవడం మొదలుపెట్టకండి. ఫలానా సంవత్సరానికల్లా ఇంత శాతం అనే అంకె ఆకర్షణీయంగా కనిపిస్తుంది గాని, పీఠిక సాధారణంగా ఎవరినీ కట్టుబడేలా చేయదు. ముందు నిర్వచనాలు, తర్వాత మినహాయింపులు, ఆపై జరిమానాలు, అమలు తేదీలు చదవండి. ప్రతి నిబంధన దగ్గరా ఈ బాధ్యత ఎవరిది, ఎప్పటిలోగా నెరవేర్చాలి, నెరవేర్చకపోతే ఏమవుతుంది అని ప్రశ్నించుకోండి. మూడో ప్రశ్నకు జవాబు దొరకని నిబంధన ఆచరణలో సలహాగా మిగిలిపోతుంది.

నిర్వచనాల్లో శుద్ధ ఇంధనం కింద దేన్ని లెక్కిస్తున్నారో చూడాలి. చెత్తను కాల్చడం, కలపను కాల్చడం, ఏనాటికైనా హైడ్రోజన్ అందితే దానితో నడవగల బాయిలర్ (నీటిని కాచి ఇంటిని వెచ్చబరిచే పరికరం) వంటివి ఏ షరతూ లేకుండా ఆ జాబితాలో చేరితే మార్పు కాగితం మీదే నిలిచిపోతుంది. కాల వ్యవధి కూడా ముఖ్యమే. ఏడాది మొత్తంలో కొన్న సౌర విద్యుత్తును ఏడాది మొత్తం వాడకంతో సరిపెట్టేస్తే, రాత్రివేళ బొగ్గు కరెంటు వాడినవారు కూడా నూటికి నూరు శాతం శుద్ధ విద్యుత్తు వాడినట్టే లెక్క. ఐరోపా సమాఖ్య 2023లో హైడ్రోజన్ తయారీకి వాడే శుద్ధ విద్యుత్తుపై తెచ్చిన నియమాల్లో, కొన్నదీ వాడినదీ 2029 చివరి వరకు నెలనెలా, 2030 నుంచి గంటగంటకూ సరిపోలాలని కోరడానికి ఇదే కారణం.

ఇక అన్నింటికంటే ఎక్కువ సమయం ధరల మీద వెచ్చించండి. దీనికి చిన్న లెక్క చాలు (ఇందులో యూనిట్ అంటే కిలోవాట్-గంట; విద్యుత్తు, గ్యాసు, వేడి అన్నింటికీ అదే కొలత). హీట్ పంప్ ఒక యూనిట్ విద్యుత్తుతో బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని ఇంట్లోకి తోడి, ఏడాది సగటున సుమారు 3 యూనిట్ల వేడి ఇస్తుంది. తీవ్రమైన చలిలో ఇంతకంటే తగ్గుతుంది. మంచి గ్యాస్ బాయిలర్ ఒక యూనిట్ గ్యాసు నుంచి సుమారు 0.9 యూనిట్ వేడి ఇస్తుంది. 3ను 0.9తో భాగిస్తే సుమారు 3.3 వస్తుంది. అంటే విద్యుత్తు యూనిట్ ధర గ్యాసు యూనిట్ ధరకు 3.3 రెట్లు దాటిన చోట హీట్ పంప్ పెట్టుకున్న కుటుంబం నెలనెలా నష్టపోతుంది. ఆ నిష్పత్తిని సరిచేయకుండా పరికరానికి ఎంత సబ్సిడీ ఇచ్చినా, బిల్లు చూసిన పొరుగువారు ముందుకు రారు.

ఆ నిష్పత్తి మార్కెట్ ఒక్కటే నిర్ణయించేది కాదు; ఏ ఖర్చును ఏ బిల్లులో వేయాలన్న విధాన నిర్ణయం అందులో పెద్ద భాగం. జర్మనీ 2000 నాటి చట్టంతో పునరుత్పాదక విద్యుత్తుకు ఇచ్చిన మద్దతు ఖర్చును ఏళ్ల తరబడి విద్యుత్ బిల్లులో సర్‌ఛార్జీగా వసూలు చేసింది. శుద్ధ విద్యుత్తు పెరిగేకొద్దీ విద్యుత్తే ఖరీదై, గ్యాసు చౌకగా కనిపించే పరిస్థితి వచ్చింది. 2022 జులైలో ఆ సర్‌ఛార్జీని తీసేసి, భారాన్ని ప్రభుత్వ బడ్జెట్‌కు మార్చారు. స్వీడన్ 1991లోనే కార్బన్ పన్ను విధించి, ఇళ్లలో చమురుతో వేడి చేసుకోవడాన్ని ఖరీదైన వ్యవహారంగా మార్చింది. మీ ముందున్న ముసాయిదాలో కొత్త ఖర్చులను విద్యుత్ బిల్లు మీదే వేస్తుంటే, ముందుగా రాయవలసిన అభ్యంతరం అదే. గ్యాసు గొట్టాల నిర్వహణ ఖర్చును కూడా అడగండి. డబ్బు కలిగినవారు ముందుగా గ్యాసు వదిలేస్తే, ఆ స్థిర ఖర్చంతా మిగిలినవారి మీద పడుతుంది. మిగిలేది తరచుగా అద్దె ఇళ్లవారు. పరికరం మార్చే అధికారం యజమానిది, బిల్లు అద్దెదారుది అయిన చోట ఏం చేయాలో కూడా నియమం చెప్పాలి. 2023 నుంచి జర్మనీలో తాపనంపై పడే కార్బన్ ఖర్చును ఇద్దరూ పంచుకోవాలి; ఇల్లు ఎంత ఎక్కువ ఇంధనం తాగితే యజమాని వాటా అంత పెరుగుతుంది.

విద్యుత్తు, తాపనం గురించి వేర్వేరు శాఖలు వేర్వేరు ముసాయిదాలు తెస్తే రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పూర్తిగా బొగ్గు మీద నడిచే గ్రిడ్‌లో హీట్ పంప్ ఇచ్చే ఒక్కో యూనిట్ వేడికి 0.33 కిలో పడుతుంది. గ్యాస్ బాయిలర్‌కు 0.22 కిలో. గొట్టాల్లో లీకయ్యే మీథేన్‌ను కలపని లెక్క ఇది. గ్రిడ్‌లో ఒక యూనిట్ విద్యుత్తుకు సగటున వెలువడేది సుమారు 0.66 కిలోల కంటే దిగువకు వచ్చినప్పటి నుంచి హీట్ పంప్ మెరుగు. తాపన తేదీలను విద్యుత్ తేదీలతో ముడిపెట్టమని కోరడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు.

తేదీలు క్రమంగా ఉన్నాయా, హఠాత్తుగా ఉన్నాయా అన్నది తర్వాతి విషయం. కొత్త కట్టడాలతో మొదలుపెట్టిన దేశాలకు వ్యతిరేకత తక్కువ ఎదురైందని నా పరిశీలన. డెన్మార్క్ 1979లో తాపన సరఫరా చట్టం చేసి, ఏ ప్రాంతానికి ఏ తరహా వేడి అందించాలో ప్రణాళిక వేసే బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించింది. 2013 నుంచి కొత్త ఇళ్లలో చమురు, గ్యాస్ బాయిలర్లను ఆపింది. నెదర్లాండ్స్ 2018 జులై నుంచి కొత్త ఇళ్లకు గ్యాస్ కనెక్షన్ నిలిపివేసింది. జర్మనీలో 2023 నాటి తాపన చట్టం ముసాయిదా పెద్ద వివాదమై, చివరకు పాత ఇళ్ల గడువులను పురపాలక తాపన ప్రణాళికలతో ముడిపెట్టవలసి వచ్చింది. బ్రిటన్‌లో 2020 సెప్టెంబరులో తెరిచిన, ఇళ్లలో ఇంధన పొదుపు పనులకు గ్రాంటు ఇచ్చే పథకం 2021 మార్చిలోనే మూతపడింది. ఇంత తక్కువ కాలానికి ఏ పనివాడూ కొత్త శిక్షణ తీసుకోడు, ఏ చిన్న సంస్థా మనుషులను చేర్చుకోదు. సబ్సిడీ ఎన్నేళ్లు ఉంటుందో నియమంలోనే రాయమని కోరండి.

కొత్త విద్యుత్ ప్రాజెక్టులు గ్రిడ్ కనెక్షన్ కోసం నిలబడే వరుస మీద ఒక ప్రశ్న వేయండి: ముందు దరఖాస్తు చేసినవారికా, ముందు సిద్ధమైనవారికా? అమెరికా కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ 2023 జులైలో రెండో పద్ధతికి మారింది, ఎందుకంటే కదలని ప్రాజెక్టులు వరుసను ఆక్రమించి, సిద్ధంగా ఉన్న వాటిని ఆపేస్తున్నాయి. హీట్ పంపుల్లో వేడిని మోసే శీతలకారి వాయువు లీకైతే వాతావరణానికి చేటు కాబట్టి, దాని గురించి కూడా ఒక వాక్యం ఉందేమో చూడండి.

రాసేటప్పుడు ఒక్కో నిబంధనకు ఒక్కో పేరా పెట్టి, నిబంధన సంఖ్య, ఇప్పుడున్న మాట, దానివల్ల కలిగే ఇబ్బంది, మీరు కోరే కొత్త మాట, ఆధారం అనే వరుసలో రాయండి. ఉదాహరణకు ఇలా: “నిబంధన 7(2) ప్రకారం పునరుత్పాదక మద్దతు ఖర్చును విద్యుత్ వినియోగదారుల నుంచి మాత్రమే వసూలు చేస్తారు. దీనివల్ల విద్యుత్తు, గ్యాసు ధరల నిష్పత్తి 3.3ను మించి, హీట్ పంప్ పెట్టుకున్నవారు నష్టపోతారు. కాబట్టి ‘విద్యుత్ వినియోగదారుల నుంచి’ అన్న చోట ‘అన్ని తాపన ఇంధనాల వినియోగదారుల నుంచి, వాటి కార్బన్ పరిమాణాన్ని బట్టి’ అని మార్చవలసిందిగా కోరుతున్నాను. నిర్ణీత ఆదాయం లోపలి కుటుంబాలకు నగదు రూపంలో ఊరట ఇచ్చే ఉపనిబంధన చేర్చాలి.” మార్చవలసిన వాక్యాన్ని మీరే రాసి ఇస్తే, దాన్ని ఒప్పుకోవడమో తిరస్కరించడమో అధికారులకు తప్పదు, ఆవేదన మాత్రమే రాస్తే దాన్ని గమనించామని చెప్పి పక్కన పెట్టడం సులువు.

లేఖను గడువుకు ముందే పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. బహిరంగ విచారణ ఉంటే మాట్లాడతామని లేఖలోనే కోరండి. తుది ఉత్తర్వు వెలువడిన రోజున కారణాల వివరణ ఉన్న భాగంలో మీ అభ్యంతరానికి సమాధానం వెతకండి. సమాధానమే ఇవ్వకపోతే పునఃసమీక్ష కోరేందుకు ఎన్ని రోజుల గడువు ఉందో ఆ ఉత్తర్వులోనో మూల చట్టంలోనో చూసి, ఆలోగా దరఖాస్తు వేయండి.