ఇంట్లోనే చదువు – 3వ పాఠం: అడక్కుండా ఉండటం

బడి మానేసి ఇంట్లోనే చదువుకునే టీనేజి పిల్లల చేత మొదటి నెల పుస్తకం తీయించొద్దని పోయిన పాఠంలో అన్నాను. దాంతో చాలా ఇళ్ళల్లో రగడ మొదలైనట్టుంది. మధ్యాహ్నం దాకా నిద్ర, రాత్రి రెండింటి దాకా ఫోను. మెట్ల దగ్గర పక్కింటి పిన్నిగారు ఆపి "ఏటమ్మా, పిల్లడు బడి మానేసేడేటి?" అని నిలదీయడం. తాతగారు అన్నం దగ్గర అలగడం. కొందరైతే తట్టుకోలేక గోడకి టైంటేబుల్ అంటించేశారు. ముందు దాన్ని చింపేయండి. తొమ్మిదికి లెక్కలు, పదికి సైన్సు అని రాశారంటే వాడు వద్దన్న బడినే హాల్లోకి తెచ్చిపెట్టారన్నమాట. పైగా ఇక్కడ బెల్లూ మీరే, డ్రిల్లు మాస్టారూ మీరే.

నిద్ర సంగతి వదిలేయండి. ఆ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఒంట్లో ఆలస్యంగా ఊరుతుంది, అది బద్ధకం కాదు. ఫోను మాత్రం రాత్రి హాల్లో చార్జింగ్‌కి పెట్టాలి. మీది కూడా.

"మరి టెన్త్?" అని అడిగినవాళ్ళకి: జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) 1989 నుంచి ఉంది. 14 ఏళ్ళు నిండితే టెన్త్‌కి చేరొచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు, ఐదేళ్ళలో ఒక్కొక్కటిగా గట్టెక్కవచ్చు. తాతగారికి ఈ ముక్క చెప్పండి, కాస్త చల్లబడతారు. దరఖాస్తులు, పుస్తకాలు మీరు చూసుకోగలరు.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. "ఈ రోజు ఏం నేర్చుకున్నావ్?" అన్న ప్రశ్న, దాని చుట్టాలూ.

విశాఖ బీచ్ రోడ్డులో, మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక తల్లీకొడుకుల వెనక నడిచాను. పదిహేనేళ్ళుంటాయేమో వాడికి. ఒకదాని మీద ఒకటి బిగించిన పడకల దగ్గర ఆగి, తన భుజం వెడల్పు చేత్తో కొలుచుకుని, పడక మీద అదే జాన పెట్టి చూస్తున్నాడు. ఇంతలో ఆవిడ, "ఇది మ్యూజియం ఎప్పుడైంది? బోర్డు మీద చదివావా? 2002. గుర్తుపెట్టుకో." వాడి చెయ్యి జేబులోకి పోయింది, ఫోను బయటికొచ్చింది. ఆ జాన కొలతలో లెక్కలున్నాయి, మనిషి ఒళ్ళుంది, అంతమంది ఆ ఇరుకులో నెలలు ఎలా గడిపారన్న ఆలోచన ఉంది. చేతికి దక్కింది మాత్రం ఒక సంవత్సరం.

ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట వింటున్న పిల్లని "కిలో ఇంతైతే ఇరవై కిలోలు ఎంత?" అనడమూ ఇదే. పులిహోర కలుపుతుంటే "చింతపండులో ఏ యాసిడ్?" అనడమూ ఇదే. ఎర్రమట్టి దిబ్బల దగ్గర "ఎర్రగా ఎందుకుంది చెప్పు" అనడమూ ఇదే. జవాబు మీ దగ్గర ఉంచుకుని అడిగేది పరీక్ష. పదేళ్ళు పరీక్షలు రాసి విసిగినవాడు ఆ వాసన ఇట్టే పట్టేస్తాడు. మెచ్చుకోలుగా అడిగినా పట్టేస్తాడు. వాట్సాప్‌లో బంధువులకి పెట్టడానికి ఫొటో తీసినా పట్టేస్తాడు.

అడగొద్దంటే మూగగా ఉండమని కాదు. మీకు నిజంగా తెలియనిది పైకి అనండి. "ఈ సబ్‌మెరైన్‌లో వంట ఎలా చేసేవారో మరి" అని ఊరుకోండి. జవాబు రాకపోవచ్చు, రెండ్రోజుల తర్వాత చారు పోసుకుంటూ రావచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడకండి. నేనైతే స్కూటర్‌కే ఓటేస్తాను. రుషికొండ దాటి భీమిలి రోడ్డెక్కితే మొహాలు కనపడవు, మాటలు వాటంతటవే వస్తాయి. కారొద్దు, అందులో ఏసీ, పాటలు, ఫోను ఉంటాయి.

అభ్యాసం: వారం రోజులు, జవాబు తెలిసిన ప్రశ్న ఒక్కటి కూడా వేయకూడదు. నోరు జారిన ప్రతిసారీ ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. "తిన్నావా" లెక్కలోకి రాదు, "బ్రష్ చేశావా" వస్తుంది. ఆ వారంలోనే ఒక రోజు పూర్తిగా వాడికి అప్పగించండి: రెండొందల రూపాయలు, ఆర్టీసీ బస్సు, ఎక్కడికో వాడిష్టం. మీరు వెనక సీట్లో కూర్చోవాలి. తప్పు బస్సెక్కినా చెప్పకూడదు. కాగితం వచ్చే పాఠానికి దగ్గర పెట్టుకోండి, లెక్కలు అక్కడి నుంచే మొదలుపెడదాం.