జీపీఆర్ బండితో నేల కింద పైపులు వెతకాలంటే ముందు మట్టి సంగతి చూడండి

రోడ్డు మీద జీపీఆర్ (గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్, అంటే నేల కిందకి చూసే రాడార్) బండి తోస్తుంటే ఎవరో ఒకరు బైక్ ఆపి "అన్నా, లంకెబిందెలు ఏమన్నా కనపడుతున్నాయా" అని అడగడం మామూలే. లంకెబిందెలు కాదు కదా, దీంట్లో పైపు కూడా పైపులాగా కనపడదు, స్క్రీన్ మీద గీతలే వస్తాయి, ఆ గీతలు చూసి కింద ఏముందో మనమే తేల్చుకోవాలి. (నిజంగా నిధి దొరికినా ఇంటికి తీసుకుపోవడం కుదరదు, 1878 నాటి చట్టం ఇంకా ఉంది, 10 రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే.) సరే, మన పని రోడ్డు తవ్వే ముందు పాత పైపులు, కేబుళ్ళు ఎక్కడున్నాయో చూసుకోవడం, అది ఎలాగో చెప్తా.

మెషిన్ అద్దెకి తెచ్చేముందే సైట్‌కెళ్ళి మట్టి చూడండి. రాడార్ చేసేది ఒకటే, రేడియో తరంగాన్ని కిందకి పంపి అది దేనికో తగిలి తిరిగొచ్చే టైము కొలుస్తది. పొడి ఇసుకలో తరంగం హాయిగా పోతది. తడిసిన నల్లరేగడిలో మాత్రం కొంచెం లోతుకి పోయేసరికే చచ్చిపోతది, ఎందుకంటే ఆ బంకమట్టిలో కరెంటు తేలిగ్గా పారి తరంగం శక్తిని మింగేస్తది, ఉప్పునీళ్ళు ఊరే తీరం ఇసుకలో కూడా ఇదే గతి. రేగడి నేలలో వానాకాలం స్కాన్ చేసి "ఏమీ లేదు" అని రిపోర్ట్ ఇస్తే అది అబద్ధం కిందే లెక్క, "కనపడలేదు" అని రాయాలి. కుదిరితే ఎండాకాలం పెట్టుకోండి. మొరం నేల నయం గానీ అందులో ఉండే రాతి గుండు కూడా ఒక్కోసారి పైపు అనిపించేస్తది.

2025 ఫిబ్రవరి 22న ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుపోయినప్పుడు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు జీపీఆర్ తీసుకెళ్ళారు కదా. ఊరే నీళ్ళు, బురద, పైగా బోరింగ్ మెషిన్ ఇనుము, రాడార్‌కి పడని మూడూ ఒకేచోట. తర్వాత కేరళ పోలీసు కుక్కల్ని కూడా దింపాల్సి వచ్చింది.

తరంగాన్ని పంపే యాంటెన్నా విషయానికొస్తే రోడ్డు పనికి 400 మెగాహెర్ట్జ్ చాలు, మంచి నేలలో రెండు మీటర్ల దాకా చూస్తది. స్లాబులో ఇనుప కడ్డీలకైతే 1.6 గిగాహెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ పెంచితే చిన్నవి తేటగా వస్తాయి, లోతు తగ్గుద్ది.

బండి దించగానే తోసేయకండి. ముందు అటూ ఇటూ నడిచి మ్యాన్‌హోల్ మూతలు, వాల్వ్ చాంబర్లు, పాత తారు అతుకులు చూసుకోండి, ఏదో ఒక చాంబర్ మూత తీయించి పైపు లోతు టేపుతో కొలిచి రాసుకోండి, ఇది తర్వాత పనికొస్తది. బండి చక్రం దూరాన్ని సరిగ్గా కొలుస్తుందో లేదో నేల మీద 10 మీటర్లు టేపు పరిచి చెక్ చేయండి.

ఇప్పుడు అసలు పని. పైపు ఎటు పోతుందనుకుంటున్నారో దానికి అడ్డంగా తోయండి. బండి దూరంలో ఉన్నప్పుడు తరంగం ఏటవాలుగా పోయి రావాలి కాబట్టి టైము ఎక్కువ, సరిగ్గా పైకొచ్చినప్పుడు తక్కువ, దాటాక మళ్ళీ ఎక్కువ. అందుకే స్క్రీన్ మీద బోర్లించిన గిన్నె ఆకారం వస్తది, దాన్నే హైపర్‌బోలా అంటాం, దాని నెత్తి కిందే పైపు. అదే పైపు వెంబడి తోశారనుకోండి, బల్లపరుపు గీత వస్తది, మట్టి పొర అనుకుని వదిలేస్తారు. అందుకే అర మీటరుకొక లైను చొప్పున అడ్డం, నిలువు రెండూ తోయాలి.

నేను కొత్తలో ఇక్కడే దెబ్బతిన్నా. ఇనుప పైపు గిన్నె బ్రహ్మాండంగా కనపడింది, మార్క్ చేసేశా, దాని పక్కనే పలచగా ఇంకో గిన్నె ఉంటే గెయిన్ (బలహీనమైన సిగ్నల్‌ని పెద్దది చేసే సెట్టింగ్) పెంచి చూడలేదు. అది పీవీసీ. మర్నాడు జేసీబీ పన్ను దానికే తగిలింది, నీళ్ళు కరెంటు తీగల దాకా ఎగిరాయి, కాంట్రాక్టర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ప్లాస్టిక్ పైపు ఖాళీగా ఉంటే మసగ్గా వస్తది, నిండా నీళ్ళుంటే బాగా కనపడుద్ది, కాబట్టి నీళ్ళు వదిలే టైముకి ఇంకోసారి స్కాన్ చేస్తే మంచిది.

లోతు లెక్క ఈజీనే. తరంగం నేలలో నానోసెకనుకి సుమారు 10 సెంటీమీటర్లు పోతుందనుకుంటే, పోయి రావడానికి 20 నానోసెకన్లు పడితే లోతు మీటరు. కానీ మట్టి తడిగా ఉండి వేగం 7 సెంటీమీటర్లకి పడిపోతే అదే పైపు 70 సెంటీమీటర్లలోనే ఉన్నట్టు! అందుకే చాంబర్‌లో లోతు కొలిచి రాసుకోమన్నా, దాంతో వేగం సెట్ చేయాలి. స్క్రీన్ మీది గిన్నె వంపుకి సరిపోయే వేగం చూస్తే నానోసెకనుకి 30 సెంటీమీటర్లు (అది గాలిలో వేగం) వచ్చిందా, అది నేల కిందది కానే కాదు, పైన తీగో చెట్టో గాలిలోంచి కొట్టిన ప్రతిధ్వని.

రాడార్ ఒక్కదాన్నే నమ్మకండి. కరెంటు కేబుల్‌కి కేబుల్ లొకేటర్ కూడా వాడండి, 2023లో వచ్చిన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌లో తవ్వకం సంగతి ముందే పెట్టండి. మార్కులన్నీ స్ప్రే పెయింట్‌తో వేశాక రెండు మూడు చోట్ల గడ్డపార, పారతో చేతితోనే గొయ్యి తవ్వించి పైపు కనపడేదాకా చూడండి, జేసీబీ ఆ తర్వాతే. గొయ్యిలో కొలిచిన లోతుకీ మీ లెక్కకీ తేడా వస్తే వేగం మార్చి, ఆ వీధి లైన్లన్నిటికీ లోతులు మళ్ళీ వేసి అప్పుడు డ్రాయింగ్ ఇవ్వండి.