క్వేజార్ల స్వీయ చలనాల నుంచి సౌరకుటుంబ త్వరణాన్ని రాబట్టడం ఎలా?

ఆకాశంలోని ఒక్కో జ్యోతి స్వీయ చలనాన్ని (ఆకాశంలో దాని స్థానం ఏటా ఏ దిశలో, ఎంత కోణం జరుగుతుందో దాన్ని) ఒక్కో బాణంగా గీస్తే, ఖగోళమంతటా పరచుకున్న సదిశ క్షేత్రం ఏర్పడుతుంది. విడిగా చూస్తే ప్రతి బాణమూ కొలత దోషాల్లో మునిగిపోతుంది. లక్షల బాణాల్లో దాగిన క్రమాన్ని వెలికితీయడానికి సదిశ గోళీయ హరాత్మకాలను (గోళంపై పరచుకున్న బాణాల క్షేత్రాన్ని సరళమైన నమూనాలుగా విడగొట్టే ప్రమేయాలను) మించిన సాధనం లేదనే చెప్పాలి.

ముందుగా దత్తాంశాన్ని ఎంచుకోవాలి. నక్షత్రాలు పాలపుంతతో పాటు తిరుగుతుంటాయి కనుక, అతి దూరాన దాదాపు నిశ్చలంగా కనిపించే క్వేజార్లే (సుదూర గెలాక్సీల అతి ప్రకాశవంతమైన కేంద్రాలే) ఈ పనికి తగినవి. విషువాంశ (ఆకాశంలో రేఖాంశం లాంటిది) దిశలోని చలనాన్ని క్రాంతి (అక్షాంశం లాంటిది) కొసైన్‌తో గుణించిన రూపంలోనే వాడాలి. జ్యోతుల స్థానాలను, చలనాలను కొలిచిన గైయా ఉపగ్రహ పట్టికల్లో ఆ గుణకారం ముందే జరిగి ఉంటుంది. తెలియక మరోసారి గుణిస్తే 60 డిగ్రీల క్రాంతి దగ్గర ఆ అంశం సగానికి పడిపోయి, లేని క్రమమొకటి క్షేత్రంలో పుట్టుకొస్తుంది.

తర్వాత ఆధార ప్రమేయాలను సిద్ధం చేసుకోవాలి. సాధారణ గోళీయ హరాత్మకం ప్రవణత (విలువ అతి వేగంగా పెరిగే దిశను చూపే బాణం) నుంచి ఒక కుటుంబం, ఆ ప్రవణతను ప్రతి బిందువు దగ్గరా 90 డిగ్రీలు తిప్పితే రెండో కుటుంబం వస్తాయి. నమూనా ఎంత సూక్ష్మమో తరగతి చెబుతుంది, ఒక్కో నమూనా పాలు ఎంతో గుణకం చెబుతుంది. మొదటి తరగతి వరకు 6 గుణకాలు, రెండో తరగతి వరకు 16, మూడో తరగతి వరకు 30 ఉంటాయి.

ఇక గుణకాలను కనిష్ఠ వర్గాల పద్ధతిలో (కొలతలకూ నమూనాకూ మధ్య తేడాల వర్గాల మొత్తాన్ని వీలైనంత తగ్గిస్తూ), ప్రతి కొలతకూ దాని దోషాన్ని బట్టి భారమిస్తూ, అన్నింటినీ ఒకేసారి సాధించాలి. పాలపుంత తలంలోని ధూళి వెనుక క్వేజార్లు కనబడవు. ఆ ఖాళీ వల్ల ప్రమేయాల పరస్పర లంబత్వం (ఒకదానితో ఒకటి కలగలవని గుణం) చెడుతుంది కాబట్టి, గుణకాలను ఒక్కొక్కటిగా లెక్కిస్తే ఒకదాని ప్రభావం మరొకదానిలోకి చేరుతుంది.

మొదటి తరగతి ఫలితాన్ని చదవడం తేలికే. బాణాలు ఒక అక్షం చుట్టూ తిరుగుతుంటే అది నిర్దేశ చట్రంలో (స్థానాలను కొలిచే ఆధార అక్షాల్లో) మిగిలిపోయిన భ్రమణం. అవి ఒక బిందువు నుంచి బయలుదేరి ఎదుటి బిందువు వైపు సాగుతుంటే అది సౌరకుటుంబ త్వరణపు జాడ. కాంతి విపథనం (పరిశీలకుడి వేగం వల్ల జ్యోతి స్థానం జరిగినట్టు కనబడటం) క్రమంగా మారడమే దీనికి కారణం. అయితే గరిష్ఠ తరగతిని ఒక్కొక్కటిగా పెంచుతూ మళ్లీ సాధించి, ఈ ఆరు గుణకాలు దోష పరిధిలోనే నిలుస్తున్నాయో లేదో చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

చివరగా దిశను సరిచూడాలి. 2020లో గైయా బృందం సుమారు 12 లక్షల క్వేజార్ తరహా జ్యోతులతో ఈ లెక్క చేసినప్పుడు, సంవత్సరానికి 5.05 మైక్రో ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు, మైక్రో అంటే అందులో పది లక్షల వంతు) పరిమాణం, 0.35 అనిశ్చితితో వచ్చింది. లెక్కలో పాలపుంత కేంద్రం ప్రస్తావనే లేకున్నా, త్వరణ దిశ దాని వైపే చూపింది.