ఆడ క్లౌన్ చేప పోతే మళ్లీ జత కుదిర్చిన తీరు
కడప ఎండలకు మే నెలలో మా ఉప్పునీటి చేపల ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలు దాటి, గుడ్లు పెట్టే ఆడ క్లౌన్ చేప చచ్చిపోయింది. ఇంకో పెద్ద ఆడచేపను మాత్రం తేవద్దు. మిగిలిన మగదే కొన్ని నెలల్లో ఆడదిగా మారుతుంది. పెద్దదాన్ని వదిలితే రెండూ చచ్చేలా కొట్టుకుంటాయి.

అదే జాతిలో, మిగిలినదానికి సగం సైజున్న పిల్లను తెచ్చి 4 వారాలు వేరే ట్యాంకులో ఉంచా. తర్వాత చిల్లుల ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పెద్ద ట్యాంకులోనే వారం వేలాడదీశా. వదిలాక చిన్నది పక్కకు ఒరిగి ఒళ్లంతా వణికిస్తే జబ్బు కాదు, లొంగినట్టు లెక్క. రెక్కలు చిరిగితే మళ్లీ డబ్బాలోకే.

వేడికి నీటి మీదికి ఫ్యాన్ తిప్పా, మూడు డిగ్రీలు దిగింది. ఆవిరైన మేరకు రోజూ ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు గదా!